అనధికార శిరస్సు

మా కోస్తా కళల దృశ్య భాండాగారం ఒంగోలులో ఒక పాత పొగాకు గోడౌన్లో ఉంది. ఆ ఘాటు ఇంకా పూర్తిగా పోలేదు. అందుకే మా దగ్గరికి వచ్చే కళాకారులు ముందు బాగా తుమ్మి, ఆ తర్వాత నమస్కారం పెడతారు. ఎప్పుడో పల్లెల్లో తీసిన వీధినాటకాలు, బుర్రకథలు, చెక్కభజనల వీడియో క్యాసెట్లు మా బీరువాల్లో ఉన్నాయి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించడం, ఎక్కించినట్టు ధ్రువీకరించడం, ధ్రువీకరించాక అసలు క్యాసెట్లను ధ్వంసం చేయడం మా కర్తవ్యాలు. ఈ మూడింటిలో చివరి పనికి కావలసిన యంత్రం మొట్టమొదటే కొన్నారు.

నేను అక్కడ సమన్వయాధికారిని. మాకు రెండు విభాగాలున్నాయి. ఒకదాని మాట ఇంకొకదానికి చేరవేయడం, చేరవేశాక వచ్చే తిట్లు వెనక్కి మోసుకురావడం నా ఉద్యోగం. అందరూ నన్ను "సమన్వయంగారూ" అనే పిలుస్తారు. నా అసలు పేరు మా ఆవిడకు తప్ప ఆ ఊళ్లో ఎవరికీ అవసరం పడలేదు.

క్యాసెట్లను మార్చే పని ఒక స్క్రిప్టు చేసేది. స్క్రిప్టంటే మరేం లేదు, బొమ్మను తీసుకుని ఏమేం చేయాలో కంప్యూటరుకు వరసగా చెప్పే కొన్ని లైన్లు. అందులో బొమ్మను కత్తిరించమనో, పక్కన పట్టీ వేయమనో చెప్పే మాటలను ఫిల్టర్లంటారు. గొడవంతా వీటి దగ్గరే మొదలైంది.

పాత క్యాసెట్లలో బొమ్మ ఇంచుమించు చదరంగా ఉంటుంది. ఇప్పటి టీవీలు వెడల్పు. పరిరక్షణ విభాగం అధిపతి ఆదిశేషయ్యగారు ఇలా ఆదేశించారు: "ప్రాచీన దృశ్యమును యథాతథముగా నుంచి, ఇరుపక్కల నల్లని పట్టీలు చేర్చవలెను." ప్రదర్శన విభాగం అధిపతి విశ్వంభరంగారు అప్పుడే రాజధానిలో శిక్షణ ముగించుకొని, గోడంత టీవీని కళ్లారా చూసొచ్చారు. ఆయన ఆదేశం ఇంకో రకంగా ఉంది: "తెరపై నలుపు కనబడుట సంస్థ ప్రతిష్ఠకు భంగకరము. దృశ్యమును పైనా కిందా కత్తిరించి తెరను పరిపూర్ణముగా నింపవలెను."

రెండు ఆదేశాలూ స్క్రిప్టులోకి ఎక్కాయి, ఒకదాని కింద ఒకటి. కంప్యూటరుకు రెండు వేర్వేరు ఫిల్టరు లైన్లు ఇస్తే అది చివరిదాన్నే వింటుంది, ముందుదాన్ని మర్చిపోతుంది. చివర ఉన్నది విశ్వంభరంగారిది. విషయం తెలిసి ఆదిశేషయ్యగారు తన లైను దాని కింద మళ్లీ రాయించారు. మధ్యాహ్నానికల్లా విశ్వంభరంగారు దాని కింద తనది రాయించారు. నెల తిరిగేసరికి స్క్రిప్టు మా ఆఫీసు మెట్లకంటే పొడుగైంది. పొద్దున మార్చిన క్యాసెట్లలో నల్ల పట్టీలు, సాయంత్రం మార్చిన వాటిలో మొండేలు. చూసినవాళ్లకు ఇది ఏదో పథకం ప్రకారం జరుగుతోందనిపించేది.

అలాంటి ఒక సాయంత్రపు క్యాసెట్టు చూడ్డానికే ఇస్రాయేలు వచ్చాడు.

చినగంజాం మనిషి. డెబ్బై దాటాయి. వెంట కెజియ అని ఇరవయ్యేళ్ల పిల్ల. ఇస్రాయేలు అక్క దానమ్మ ఒకప్పుడు ఆ చుట్టుపక్కల పేరున్న బుర్రకథకురాలు. నడుమ నిలబడి తంబురా మీటుతూ ఆమె కథ చెబితే, పక్కన గుమ్మెట వాయిస్తూ వంత పాడినవాడు ఇస్రాయేలు. దానమ్మ పోయి చాలాకాలమైంది. ఉప్పు పండించే కొఠార్లలో కూలీలు చేసిన సమ్మె మీద ఆమె సొంతంగా కట్టిన కథ ఒకటుంది. అది ఒక్కసారే వీడియో తీశారు, ఆ ఒక్క క్యాసెట్టూ మా దగ్గరుంది. దానమ్మ మనవరాలు కెజియ ఇప్పుడు ఆ కథ నేర్చుకుంటోంది.

ప్రదర్శన గదిలో గోడంత టీవీ మీద వేసి చూపించాను. తెర పరిపూర్ణంగా నిండింది. ఎర్ర చీర, తంబురా, అందెల పైదాకా కాళ్లు. మెడ పైన తెర అయిపోయింది.

ఇస్రాయేలు లేచి టీవీ దగ్గరికి వెళ్లి పైఅంచు మీద వేలు పెట్టాడు.

"మా అక్క తలకాయ యాడుందయ్యా?"

విశ్వంభరంగారు అక్కడే ఉన్నారు. "కళాకారిణి కంఠము మొదలు పాదముల వరకు భద్రపరచబడినది. గళం వినబడుతోంది కదా?"

"గళం ఇనపడతా ఉందిలే సారూ. ఈ పిల్లకి మాటలన్నీ నేనే చెప్పా, వచ్చేశాయి. రానిది మా అక్క మొగం. ఆమె తల ఇట్టా ఇదిలిస్తేనే నేను దరువెయ్యాల. కన్ను ఇట్టా తిప్పితే ఆపెయ్యాల. ముప్పయ్యేళ్లు ఆ తలకాయ చూసే వాయించా. అది లేకుండా ఈ పిల్ల ఏం నేర్చుకుంటది?"

"తమ అభిప్రాయం నమోదు చేసుకుంటాం" అన్నారు విశ్వంభరంగారు. దేన్నీ నమోదు చేయకుండానే వెళ్లిపోయారు.

కెజియ నా వైపు తిరిగింది. "క్యాసెట్టు ఉంది కదండీ ఇంకా? పగలగొట్టలేదు కదా?"

ధ్రువీకరణ కాలేదు కాబట్టి ఉందని చెప్పాను. మా ఆలస్యానికి ఒక మనిషి సంతోషించడం నా సర్వీసులో అదే మొదటిసారి.

ఇలాంటి ఫిర్యాదులు పెరిగాయి. ఒక చెక్కభజన బృందం వచ్చి, తమలో ఏ మొండెం ఎవరిదో తేల్చమని గేటు దగ్గర కూర్చుంది. దాంతో డైరెక్టర్ త్రిలోకసుందరిగారు స్క్రిప్టు బాగు చేయడానికి నస్రీన్ అనే ఇంజనీరును కాంట్రాక్టు మీద పిలిపించారు. ఆ అమ్మాయి హైదరాబాదులో ఏదో టీవీ కంపెనీలో చేసి వచ్చింది. ఆపుకోలేని కోపం, దాచుకోలేని నవ్వు రెండూ ఉన్నాయి. ప్రభుత్వ కార్యాలయంలో ఈ రెండింటిలో ఏది ఉన్నా ప్రమాదమే.

స్క్రిప్టు తెరిచి ఆమె చాలాసేపు నవ్వింది. తర్వాత సమావేశంలో లేచి చెప్పింది:

"రెండు ఫిల్టర్లనీ విడివిడిగా రాయకూడదు మేడమ్. ఒకే లైన్లో మధ్యన కామా పెట్టి కలపాలి. అప్పుడు మొదటిది తయారుచేసిన బొమ్మ రెండోదాని చేతికి వెళ్తుంది. ముందు పట్టీలు వేశామనుకోండి, బొమ్మ వెడల్పైపోతుంది. తర్వాత కత్తెర వచ్చి చూస్తుంది. ఇప్పటికే వెడల్పుగా ఉంది కాబట్టి దానికి పని లేదు, ఊరుకుంటుంది. తలలు మిగులుతాయి."

"ఇద్దరి ఆదేశాలూ అమల్లో ఉన్నట్టేనా?" అన్నారు త్రిలోకసుందరిగారు.

"ఉన్నట్టే మేడమ్."

"చాలా సంతోషం. ఒక కామాతో ఇంత సామరస్యం వస్తుందని నాకు తెలీదు."

అక్కడితో అయిపోవలసింది. విశ్వంభరంగారు గొంతు సవరించుకున్నారు.

"చిన్న ధర్మసందేహం. కామాకు ముందు ఎవరు?"

"పరిరక్షణ వాళ్లది సార్."

"సర్వీసులో నేను ఆదిశేషయ్యగారికంటే సీనియర్‌ని. నా ఫిల్టరు వారి ఫిల్టరు వెనుక నిలబడుట ఏ నిబంధన ప్రకారం?"

"మీది ముందు పెడితే తలలు తెగిపోతాయండీ!"

"తలల ప్రశ్న సాంకేతికం. వరస ప్రశ్న పరిపాలన" అన్నారాయన. అంత చక్కటి వాక్యాన్ని ఎవరూ కాదనలేకపోయారు. విషయం సీనియారిటీ కమిటీకి వెళ్లింది.

నస్రీన్ తెలివైనది. విశ్వంభరంగారి గదికి వెళ్లి మర్యాదగా కూర్చుంది. "సార్, సభల్లో ముఖ్య అతిథి ఎప్పుడు మాట్లాడతారు?" అంది.

"చివర."

"మరి మీ ఫిల్టరు చివర ఉంటే తుది మాట ఎవరిదవుతుంది సార్?"

ఆయన ముఖం విచ్చుకుంది. చివరి స్థానం తనకే కావాలని అప్పటికప్పుడు రాసిచ్చారు. ఆ ఉత్తరాన్ని ఆదిశేషయ్యగారికి చేరవేసింది నేనే. ఆయన రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు.

"విశ్వంభరం చివర ఉండటానికి ఒప్పుకున్నాడా? తనంతట తాను?"

"అవునండీ."

"అయితే చివరే గొప్ప. ఆ స్థానం పరిరక్షణ విభాగానిది. రాయండి."

తర్వాత రెండు వారాలు ఇద్దరు పెద్దమనుషులూ వెనక్కి నిలబడటానికి పోట్లాడుకున్నారు. ఆ తర్వాత ఎవరో ముందు స్థానమే మేలని చెప్పడంతో ముందుకు రావడానికి పోట్లాడుకున్నారు. ఈలోగా మిగతావాళ్లకీ తెలిసింది. ఫిల్టరు లేని అధికారికి విలువ లేదన్న భావం బలపడింది. న్యాయ సలహాదారు కళాకారుల గోప్యత కోసం ముఖాలు మసకబార్చే ఫిల్టరు అడిగారు. ఎస్టేటు అధికారి నాలుగు మూలలా సంస్థ చిహ్నం అడిగారు. మా ఆఫీసు క్యాంటీన్ కాంట్రాక్టరు కూడా ఒక అర్జీ పెట్టుకున్నాడు గానీ, అతనికి ఏ ఫిల్టరు కావాలో అతనికే తెలియక వెనక్కి తీసుకున్నాడు.

చివరికి త్రిలోకసుందరిగారు తన నిర్ణయం ప్రకటించారు. "సమన్యాయం పాటించాలి. రిజిస్టరులో సరి సంఖ్య ఉన్న క్యాసెట్లకు పరిరక్షణ ముందు. బేసి సంఖ్య ఉన్నవాటికి ప్రదర్శన ముందు. మిగిలిన ఫిల్టర్లు వచ్చే ఆర్థిక సంవత్సరంలో."

అంటే సరి సంఖ్య కళాకారులకు తలలుంటాయి, బేసి సంఖ్య వాళ్లకు ఉండవు. ఇద్దరు అధిపతులూ లేచి చప్పట్లు కొట్టారు.

దానమ్మ క్యాసెట్టుది బేసి సంఖ్య.

నస్రీన్ డైరెక్టరు గదిలోకి తలుపు తట్టకుండా వెళ్లింది. ఆమె వెనకే నేను పరుగెత్తాను, సమన్వయం కోసం.

"మేడమ్, ఆ ఒక్క క్యాసెట్టుకి సంఖ్య మార్చండి. ఇంకో కాపీ లేదు ప్రపంచంలో. శుక్రవారం ధ్వంసం చేసే వాటిలో వేశారు దాన్ని."

"సంఖ్య మార్చడం రికార్డులను తారుమారు చేయడమవుతుంది."

"తల తీసేయడం అవదా?"

త్రిలోకసుందరిగారు ఆమె వైపు జాలిగా చూశారు. "తల రికార్డులో ఎక్కడుందమ్మా? రికార్డులో ఉన్నది సంఖ్యే."

ఆ మర్నాడు అందరూ భోజనాలకు వెళ్లిన సమయంలో నస్రీన్ దానమ్మ క్యాసెట్టు యంత్రంలో పెట్టింది. స్క్రిప్టులో ఉన్న ఫిల్టర్ల లైనంతా తీసేసి, కత్తెర లేదు, పట్టీ లేదు, ఉన్నదున్నట్టు ఎక్కించింది. ఇంతమంది ఇన్నాళ్లు చర్చించిన సమస్యకు అసలు పరిష్కారం ఏ ఫిల్టరూ లేకపోవడమేనని మాలో ఎవరికీ తట్టలేదు. తట్టి ఉంటే దానికీ ఒక విభాగం పెట్టేవాళ్లం.

ఇస్రాయేలునూ కెజియనూ ఆమే పిలిపించింది. టీ కొట్టు బల్ల మీద లాప్‌టాప్ పెట్టి చూపించింది. నేను టీ తాగే నెపంతో పక్కనే నిలబడ్డాను.

బొమ్మ చిన్నదిగా, కాస్త మసకగా ఉంది. నడుమ దానమ్మ. నుదుట పెద్ద బొట్టు, తలకు ఎర్రటి పాగా, చెమటకు మెరుస్తున్న ముఖం. పక్కన నల్లటి జుట్టుతో గుమ్మెట పట్టుకున్న మనిషి ఇస్రాయేలేనని పోల్చుకోవడానికి నాకు కొంచెం సేపు పట్టింది. ఉప్పు కుప్పల మీదికి కూలీలు ఎక్కే ఘట్టం వచ్చింది. దానమ్మ తల ఎడమకు విదిలించింది. ఇటు టీ కొట్టు బల్ల మీద ఇస్రాయేలు అరచెయ్యి ఠపీమని పడింది. గ్లాసులు ఎగిరాయి.

"సూశావా? అదీ! అక్కడ కొట్టాల!" అన్నాడు కెజియతో. కళ్లు తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు. "మా అక్కమ్మా, నా తల్లే... ఎన్నాళ్లకి కనపడ్డావే."

కెజియ బొమ్మ ఆపింది. వెనక్కి జరిపి మళ్లీ చూసింది. మూడోసారి చూసేటప్పుడు తన తల కూడా అలాగే విదిలించింది.

"ఇది ఇంటికి తీసుకుపోవచ్చా అక్కా?" అని అడిగింది నస్రీన్‌ను.

"నీది నీకిస్తున్నానమ్మా. ఇంకెవరినీ అడక్కు."

శుక్రవారం మా యంత్రం చక్కగా పనిచేసింది. దానమ్మ అసలు క్యాసెట్టు మిగతావాటితో పాటు నల్లటి పీచైపోయింది. కంఠం నుంచి కిందిదాకా ఉన్న ప్రతిని అప్పటికే ధ్రువీకరించారు.

కెజియ ఆ వీడియోలో కొంత ముక్క ఫోన్లో స్నేహితులకు పంపింది. అది ఊరూరా తిరిగి విశ్వంభరంగారి ఫోనుకొచ్చింది. ఆయనకు తెగ నచ్చింది. "మన భాండాగారం ఘనత" అని రాసి ఆఫీసు గ్రూపులో పెట్టారు. అందరూ దండాలు పెట్టారు. అందరికంటే ఆలస్యంగా చూసిన ఆదిశేషయ్యగారు ఒక్క ప్రశ్న వేశారు:

"దీనికి తల ఎక్కడిది?"

విచారణ జరిగింది. డైరెక్టరూ ఇద్దరు అధిపతులూ ఒక పక్క, నస్రీన్ ఒక పక్క, నడుమ నేను.

"శ్రీమతి దానమ్మ యొక్క ఒక అనధికార శిరస్సు ప్రజల్లో సంచరిస్తున్నది" అని త్రిలోకసుందరిగారు చదివారు. "ఈ శిరస్సు మీకెక్కడ లభించింది?"

"క్యాసెట్లో ఉంది మేడమ్."

"ఏ క్యాసెట్లో?"

"మీరు పీచు చేయించిన క్యాసెట్లో."

ఆదిశేషయ్యగారు అందుకున్నారు. "ప్రస్తుతం లేని క్యాసెట్టులో ఒకప్పుడు తల ఉండెనని నిరూపించుట ఎట్లు?"

"అదేం ప్రశ్నండీ? మనిషన్నాక తల ఉండదా?"

"సాధారణంగా ఉండవచ్చు" అన్నారు విశ్వంభరంగారు. "ఈ సందర్భంలో ధ్రువీకృత ప్రతిలో లేదు. ప్రభుత్వ ప్రతిలో లేనిది, ప్రైవేటు ప్రతిలో ఉన్నదంటే తర్వాత అతికించినదని అర్థం."

నస్రీన్‌కు మొదట నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. "మీ ముగ్గురికీ కలిపి ఒక ఫిల్టరు సరిపోతుంది. అది ఇప్పటికే పడింది, మెడ పైన" అనేసి బ్యాగు భుజాన వేసుకుంది. కాంట్రాక్టు రద్దు ఉత్తర్వు ఆమె గేటు దాటాక తయారైంది. ఇప్పుడు ఆమె ట్రంకు రోడ్డులో పెళ్లి వీడియోల స్టూడియోలో ఉంది. రెట్టింపు జీతం. అక్కడ కత్తిరింపు ఫిల్టర్ల బాధ లేదు. తన తల కనపడకపోతే ఊరుకునే మేనత్త ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదు.

కథ ఇక్కడ ఆగినా బాగుండేది. కానీ మా ధ్రువీకృత ప్రతులు చూసి ఒక ఆచార్యులవారు పరిశోధన చేశారు. కోస్తాలో శిరస్సు కనబడకుండా కథ చెప్పే ప్రాచీన పద్ధతి ఒకటి ఉండేదని, అహంకార త్యాగానికి అది సంకేతమని తేల్చి, దానికి "కంఠాధో రీతి" అని పేరు పెట్టారు. మా వాళ్లు ఎంత పొంగిపోయారో చెప్పలేను. భాండాగారం వార్షికోత్సవంలో ఆ రీతిని పునరుద్ధరించాలని తీర్మానించి, దానమ్మ వారసురాలని కెజియ బృందాన్ని పిలిచారు. రీతి సంగతి ఆహ్వానంలో రాయలేదు.

ఉత్సవం నాడు మైదానం నిండింది. చినగంజాం నుంచి ట్రాక్టర్ల మీద వచ్చారు జనం. వేదిక ముందు భాగంలో, పైనుంచి సరిగ్గా మనిషి మెడ దాకా దిగేట్టు, దండెం మీద నల్లటి మఖమల్ గుడ్డ వేలాడుతోంది. దాని మీద బంగారు రంగులో మా చిహ్నం.

"ఇదేందండీ?" అంది కెజియ, అలంకారం చేసుకుని వచ్చి.

"మీరు దీని వెనుక నిలబడాలి" అన్నారు విశ్వంభరంగారు. "శిరస్సులు గుడ్డ చాటున, మిగతాది ప్రజలకు. ఇది మీ నాయనమ్మగారి రీతేనమ్మా. పరిశోధనలో తేలింది."

కెజియ ముఖం ఎర్రబడింది. "మా నాయనమ్మ అట్టా చెప్పిందని ఎవరండీ చెప్పింది? మేం చెప్పం. పోదాం పద తాతయ్యా."

ఇస్రాయేలు జనం వైపు చూశాడు. ముందు వరసలో కొఠార్లలో పనిచేసిన ముసలివాళ్లు కొందరు, కాళ్లు చాపుకుని, కథ కోసం కూర్చుని ఉన్నారు.

"పోయేదేందమ్మాయ్. ఇంతమందొచ్చారు" అన్నాడు. "పా, నిలబడదాం."

నిలబడ్డారు. తంబురా మోగింది. జనానికి చీర కుచ్చెళ్లు, రెండు గుమ్మెటలు, మూడు జతల కాళ్లు కనిపించాయి. ముందు నవ్వారు. తర్వాత ఎవరో ముసలామె గట్టిగా అరిచింది: "మనుషులు యాడున్నార్రా? మొగాలు సూపించండి!"

గుమ్మెట ఆగింది. గుడ్డ చాటు నుంచి ఇస్రాయేలు బయటికొచ్చాడు. దండేనికి కట్టిన ముడి ఒక పక్క విప్పాడు. నింపాదిగా రెండో పక్కకు నడిచి అక్కడిదీ విప్పాడు. గుడ్డ కిందపడింది. మైదానమంతా ఈల వేసింది. విశ్వంభరంగారు ఆదిశేషయ్యగారి వైపు చూశారు. ఆదిశేషయ్యగారు ఇది ప్రదర్శన విభాగం పని అన్నట్టు ఆకాశం వైపు చూశారు.

ఇస్రాయేలు ఆ గుడ్డను దులిపి, అంచుకు అంచు కలిపి, ఇస్త్రీ చేసిన పంచెలా మడిచాడు. మెట్లు దిగి ముందు వరసలో సోఫాలో ఉన్న డైరెక్టరుగారి దగ్గరికి వచ్చి రెండు చేతులతో అందించాడు.

"అమ్మా, మీ గుడ్డ."

త్రిలోకసుందరిగారు అలవాటుగా చేతులు చాపి తీసుకున్నారు. ఇస్రాయేలు తిరిగి వేదికెక్కి గుమ్మెట అందుకున్నాడు. కెజియ తల ఎత్తి జనాన్ని ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరకు చూసి, కథ మొదలుపెట్టింది. ఉప్పు కుప్పల ఘట్టం వచ్చేసరికి ముందు వరస ముసలివాళ్లు లేచి నిలబడ్డారు. నేనూ లేచి నిలబడ్డాను, ఎవరి అనుమతీ అడగలేదు.

త్రిలోకసుందరిగారు లేవలేకపోయారు. ఆ గుడ్డ ఏ విభాగానికి జమ చేయాలో చెప్పేవాళ్లు లేక, కథ అయిపోయేదాకా దాన్ని ఒళ్లో పెట్టుకునే కూర్చున్నారు.